వడియాల మేడ మీద మీర్‌కాట్

ఆ రోజు పొద్దున గురునాథరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగాలి, తాగుతూ టీవీ చూడాలి, టీవీ చూస్తూ ఇంకో టీ తాగాలి. భిలాయి ఉక్కు కర్మాగారంలో, సేఫ్టీ విభాగంలో జుట్టు నెరిసేదాకా పనిచేసిన మనిషి. సేఫ్టీ అన్న మాట చివర టీ ఊరికే వచ్చి చేరలేదని ఆయన నమ్మకం. పోయినేడు రిటైరయ్యాడు గానీ టైరవలేదు. క్వార్టరు ఖాళీ చేసి క్యాంప్ వన్ అనే పేటలో ఓ ఇరుకు సందులో చిన్న డాబా కట్టుకున్నాడు. సందులోకి కేబుల్ వైరు పాకిన రోజునుంచీ ఆయనకి లోకంలో మనుషులు కనిపించడం మానేశారు. ఇరవై నాలుగు గంటలూ జంతువులే చూపించే ఛానెల్ ఒకటి దొరికింది. ఆ ఛానెల్ చూస్తూ ఆయన భార్య మొహం చూసి చానాళ్ళయింది.

"కామాక్షీ, ఓసారిలా రా! మీర్‌కాట్!" అని వంటింటివైపు కేకేశాడు.

"మీరు క్యాటేటి? పాలగిన్ని మీద మూత జారినప్పుడే అనుకున్నాను," అంది కామాక్షమ్మ లోపల్నుంచి.

"అబ్బ! పేరుకే క్యాటు, పిల్లి కాదే. ముంగిస జాతి. మన జామచెట్టు కింద తిరిగే ముంగిసకి ఆఫ్రికాలో పినతల్లి బిడ్డ అనుకో. పొద్దున్నే బొరియల్లోంచి బయటికొచ్చి, రెండు కాళ్ళ మీద నిటారుగా నిలబడి, పొట్టని ఎండకి చూపించి వెచ్చబెట్టుకుంటాయి. ఆ తర్వాతే పనిలోకి దిగుతాయి."

"పొట్ట చూపించడం వరకూ మీకూ వచ్చు. ఆ తర్వాతదే రాలేదు."

గురునాథరావు ఈ చురకని టీతో పాటు మింగేశాడు. "పురుగులూ బల్లులూ తవ్వుకు తింటాయి. తేలు తినడం వాటికెంత తేలికో! ముందు కొండి కొరికి పారేస్తాయి. పిల్లలకి బడి కూడా ఉంది. మొదట చచ్చిన తేలు ఇస్తాయి, తర్వాత కొండి తీసిన తేలు, ఆఖరికి నిఖార్సైన తేలు. మా సేఫ్టీ ట్రైనింగూ అచ్చం ఇంతే..."

కామాక్షమ్మ వచ్చి టీవీకి అడ్డంగా నిలబడింది. ఒక చేతిలో బజారు సంచి, రెండో చేతిలో కత్తిపీట. ఆ రెండో చెయ్యి చూసి గురునాథరావు కాళ్ళు కిందికి దించి కూర్చున్నాడు.

"తేలు సంగతి తర్వాత తేలుద్దాం. పైన గుమ్మడి వడియాలు పెట్టాను. పక్కన ఊరమిరపకాయలు ఆరబోశాను. నేను పవర్ హౌస్ బజారుకెళ్ళి వస్తాను. పోయినేడు మిమ్మల్ని కాపలా ఉండమంటే ఏటయింది? కింద సింహం జింకని తింటంటే మీరు చూస్తన్నారు. పైన కాకులు నా వడియాలు తింటంటే ఎవరూ చూడలేదు. ఈసారి ఒక్క వడియం కాకి నోట్లో పడిందా, ఈ కేబుల్ తీగని దీంతో బెండకాయ తరిగినట్టు తరిగీస్తాను."

కామాక్షమ్మ ఉత్తుత్తి మాటలు మాట్లాడే మనిషి కాదు. పేకాట మానకపోతే పేకల్ని పొయ్యిలో పెడతానని ఒకప్పుడు అంది. గురునాథరావు దగ్గర ఇప్పటికి ఇస్పేటు రాణి ఒక్కతే మిగిలింది, అదీ ఆ రోజు మంచం కింద పడిపోబట్టి.

"మీ వల్ల కాకపోతే ఆ చుట్టాన్నైనా పిలుచుకోండి కాపలాకి," అంటూ జామచెట్టువైపు చెయ్యి చూపించి, కత్తిపీట వంటింట్లో పెట్టి ఆవిడ గుమ్మం దాటింది.

గురునాథరావు టీవీ ఆపబోయాడు. సరిగ్గా అప్పుడే తెర మీద ఒక మీర్‌కాట్ పుట్ట మీదికెక్కి, తోకని మూడో కాలులా ఆనించి, మెడ చాచి నాలుగు దిక్కులూ చూడసాగింది. మిగతావన్నీ తలలు మట్టిలో పెట్టి నిశ్చింతగా తవ్వుకుంటున్నాయి. పైనున్నది సన్నగా ఏదో కూస్తూనే ఉంది. గద్ద కనిపిస్తే ఒక కూత, నక్క కనిపిస్తే ఇంకో కూత, ఏదీ కనిపించకపోతే "అంతా క్షేమం" అని మెల్లగా ఒక కూనిరాగం. అది వినిపిస్తున్నంతసేపూ కిందివి తల ఎత్తవట. గురునాథరావుకి ఒళ్ళు పులకరించింది. ముప్ఫై ఏళ్ళు తను ఉక్కు కర్మాగారంలో చేసిందీ ఇదే ఉద్యోగం! కాకపోతే తన మాట వినేటప్పుడు ఎవరూ అంత నిశ్చింతగా తవ్వుకోలేదు.

శాస్త్రీయంగా కాపలా కాయాలని నిశ్చయించాడు. బీరువాలోంచి పాత యూనిఫారం తీశాడు. కాకికి భయం పుట్టాలంటే ఖాకీ ఉండాలి గదా! ఎండ మాడు పగలగొట్టకుండా పసుపుపచ్చ హెల్మెట్ పెట్టుకున్నాడు. మేడెక్కి మెడ చాచాడు. వడియాల పక్కనే పిట్టగోడకి ఆనించి వెదురుకర్ర నిలబెట్టి, కాకులు బెదరడానికి దండెం మీదున్న ఓ ఎర్రగుడ్డ దానికి కట్టాడు. అది గాలికి రెపరెపలాడింది. నీళ్ళ తొట్టె గట్టు ఎక్కి నిటారుగా నిలబడ్డాడు. పొట్టకి ఎండ తగలాలి కాబట్టి చొక్కా గుండీలు విప్పాడు. ఇంతలో ఊరమిరపకాయల ఘాటు ముక్కుకెక్కి తుమ్ముల మీద తుమ్ములు. తుమ్మే కాపలావాణ్ణి ఏ మీర్‌కాట్ నమ్ముతుంది? తువ్వాలు తొట్టెలో ముంచి ముక్కుకీ మూతికీ బిగించి కట్టుకున్నాడు. ఇక మిగిలింది కూనిరాగం. తడి తువ్వాలు లోంచి "ఊఁ... ఊఁ... ఊఁ" అని మొదలుపెట్టాడు.

కాకులు ఎదురింటి గోడ మీద వరసగా కూర్చుని ఈ దృశ్యాన్ని చూశాయి. ఒక్కటి కూడా దగ్గరికి రాలేదు. గురునాథరావుకి మీసం మెలెయ్యాలనిపించింది గానీ మీసం తువ్వాలు కింద ఉంది.

సరిగ్గా ఆ సమయానికి పక్కింటి నూకరాజు, నైట్ షిఫ్టు దిగి ఓ కునుకు తీసి లేచినవాడు, వేపపుల్లతో వాకిట్లోకి వచ్చాడు. కర్మాగారంలో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్లలో పనిచేసేవాడు. సేఫ్టీ పాఠాలన్నీ గురునాథరావు దగ్గరే నేర్చుకున్నాడు. ఉక్కు ఊళ్ళో నిద్ర లేవగానే దేవుడి కంటే ముందు చిమ్నీలకేసి చూడడం అందరికీ అలవాటు. అలా చూద్దామని తల ఎత్తాడు. చిమ్నీలకి అడ్డంగా గురునాథరావు కనిపించాడు.

హెల్మెట్. ముక్కుకి తడిగుడ్డ. విప్పిన గుండీలు. గాలి ఎటు వీస్తోందో చూసే ఎర్రగుడ్డ. ఊపిరందని మూలుగు. నూకరాజు నోట్లోంచి వేపపుల్ల జారిపోయింది.

"సేఫ్టీ బాబూ! ఏటి? ఏటయిపోనాది?" అని కింద నుంచి అరిచాడు.

కాపలా మీద ఉన్నవాడు కబుర్లు చెప్పకూడదు. గురునాథరావు ఆకాశం మీంచి చూపు తిప్పకుండానే, లోపలికి పో అన్నట్టు చెయ్యి గట్టిగా ఊపి, ఇంకాస్త పెద్దగా "ఊఁ... ఊఁ" అన్నాడు.

నూకరాజు లోపలికి దూకాడు. "ఓలప్పలనర్సమ్మా! లెగు! గ్యాసు! ఉక్కు పేంటు నుంచి గ్యాసు వదిలీసినాది!"

"గ్యాసేటి, నాకు వాసన రాలేదు," అంది అప్పలనర్సమ్మ పొయ్యి దగ్గర్నుంచి.

"అదేనే! ఆ గ్యాసుకి వాసనుండదు! వాసన రాలేదంటేనే బయపడాలని సేఫ్టీ బాబు మాకు వందసార్లు సెప్పినారు!"

ఈ మాటతో అప్పలనర్సమ్మకి అనుమానం పోయింది. ఆవిడ గట్టిగా పీల్చి చూసింది. ఏ వాసనా రాలేదు. ప్రమాదం రుజువైపోయింది. పిల్లల మొహాలకి తడిగుడ్డలు చుట్టి, పొయ్యి మీద పప్పు అలాగే దించేసి, సందులోకి వచ్చి గొంతు విప్పింది. అప్పలనర్సమ్మ గొంతుకీ ప్లాంటు సైరనుకీ ఒక్కటే తేడా. సైరను షిఫ్టు మారినప్పుడే మోగుతుంది.

సందులో తలుపులు టపటపా తెరుచుకున్నాయి. ప్రతివాళ్ళూ బయటికొచ్చి ఒకసారి ముక్కు ఎగబీల్చారు. వాసన లేదని తేల్చుకుని హడలిపోయారు. "గాలికి ఎదురెళ్ళాల! బాబుగారి జెండా సూడండి, పవర్ హౌస్ వైపు పదండి!" అని నూకరాజు దారి చూపించాడు. చివరింటి మిశ్రాగారు "క్యా హువా భయ్యా?" అంటూనే జవాబు కోసం ఆగకుండా అందరికంటే ముందు బజారుకి పరిగెత్తాడు. ఒకావిడ ముక్కు మూసుకుంటూ మేకని లాక్కెళుతోంది. మేక ముక్కుకి కూడా తడి రుమాలు ఉంది. ఇంకొకాయన భుజాన టీవీ.

ఆకాశంలో కాకుల్ని వెతుకుతున్న గురునాథరావు కింద అలికిడి విని తల దించాడు. సందంతా ముక్కులు కట్టుకుని ఒకే వైపు పరుగెడుతోంది!

"ఏటి? ఏటయింది?" అని తువ్వాలు కిందికి లాగి అరిచాడు.

"గ్యాసండీ బాబూ! గ్యాసు!" అంది అప్పలనర్సమ్మ ఆగకుండానే.

గురునాథరావు గుండె ఒక్కసారి ఆగి, మళ్ళీ డ్యూటీ ఎక్కింది. గాలి ఎగబీల్చాడు. వాసన లేదు! తను వందసార్లు చెప్పిన పాఠం తన ముక్కే తనకి అప్పజెప్పినట్టయింది. ఇంతకాలం లేని ప్రమాదం తను రిటైరయ్యాకనా రావడం! తువ్వాలు మళ్ళీ బిగించాడు.

మెట్ల దగ్గర ఆగి ఒక్కసారి వెనక్కి చూశాడు. తెల్లటి గుడ్డ మీద వడియాలు ముత్యాల్లా ఎండుతున్నాయి. వాటి మీదుగా కేబుల్ తీగ నల్లగా, అమాయకంగా ఊగుతోంది. ఎదురు గోడ మీద కాకులు ఒకటొకటిగా మెడలు ముందుకి పెట్టాయి. తను కదిలితే తీగ కథ ముగిసినట్టే. తేళ్ళు, పాఠాలు, పొద్దుటి పొట్టలు, అన్నీ కత్తిపీట పాలు. కానీ కింద పాకలో ఉండే చిన్నమ్మలు అనే ముసలావిడ, కర్ర ఊతంతో రెండడుగులేసి అరుగు మీద చతికిలపడి, "నన్నొగ్గీసి ఎల్లిపోతన్నారేటర్రా!" అని గోలపెడుతోంది.

గురునాథరావు కాకులకి ఒక చూపు, తీగకి ఒక నిట్టూర్పు ఇచ్చి మెట్లు దిగాడు. చిన్నమ్మల్ని వీపున వేసుకున్నాడు. ఖాకీ జేబులోంచి పాత ఈల తీసి తువ్వాలు కిందనుంచి నోట్లో పెట్టుకున్నాడు. ఇంతకాలానికి దానికీ వీలు చిక్కింది. ఈల ఊదుతూ జనం ముందుకెళ్ళి, "తొక్కిసలాట వద్దు! వరసలో రండి! ఎవరూ మాట్లాడకండి, ఊపిరి దాచుకోండి!" అని క్యాంప్ వన్‌ని పవర్ హౌస్ బజారు వైపు నడిపించాడు.

"బాబూ, ఇదేటి, పెళ్ళూరేగింపా?" అంది వీపు మీద చిన్నమ్మలు, సరదా పుట్టి.

బజారులో కామాక్షమ్మ ఎండుమిరపకాయల దుకాణం ముందు బేరమాడుతోంది. దుకాణంవాడు షట్టరు సగం దించి, ముక్కు మూసుకుని, "మాతాజీ, జల్దీ! గ్యాస్ ఆ రహీ హై!" అని బతిమాలుతున్నాడు. ఏ గ్యాసు, ఎక్కడి గ్యాసు అని ఆవిడ తల తిప్పేసరికి ముక్కులు కట్టుకున్న సందు మొత్తం మలుపు తిరిగి వస్తోంది. ముందు పసుపు హెల్మెట్, దాని కింద తువ్వాలు, దాని కింద తన మొగుడు, వీపున చిన్నమ్మలు.

కామాక్షమ్మ ఒకే ఒక ప్రశ్న వేసింది. "వడియాలో?"

ఈల గురునాథరావు నోట్లోనే చిన్నగా కూసి ఆగిపోయింది. "కామాక్షీ, ప్రాణాల మీదికొచ్చింది. గ్యాసు! వాసన కూడా లేదు!"

"మిరపకాయల ముందు నిలబడ్డాను, నాకు వాసన బాగానే వస్తోంది. నేనడిగింది వడియాలు."

ఈలోగా స్కూటరు మీద సతీష్‌కుమార్ వచ్చాడు. ప్లాంటులో గ్యాసు సేఫ్టీలో ఇప్పుడు పనిచేస్తున్న కుర్ర ఉద్యోగి, గురునాథరావు తయారుచేసిన ఆఖరి శిష్యుడు. ఇక్కడే పుట్టి పెరిగాడు, తెలుగు మధ్యలో దొరికినచోటల్లా హిందీ.

"అంకుల్, ఏం జరిగింది? మీ సందులోంచే వస్తున్నాను. పూరా ఖాళీ! ఎవరింట్లోనో షాదీ ఉంది, అందరూ పోయారు అనుకున్నాను."

"సందులోంచి వచ్చావా? బతికే ఉన్నావా? గ్యాసు లీకయింది బాబూ!"

"లీకా? నేను డ్యూటీ నుంచే గదా వస్తున్నా. ఉధర్ సబ్ ఠీక్ హై." జేబులోంచి గ్యాసు కొలిచే చిన్న పరికరం తీసి చూపించాడు. "యే దేఖియే. జీరో. అసలు ఎవరు చెప్పారు అంకుల్ మీకు?"

గురునాథరావు ఛాతీ విరిచి జనం వైపు తిరిగాడు. "అవును! ఎవరు పుట్టించారీ పుకారు? వదంతులు ప్రమాదం కంటే ప్రమాదమని నేను ఎన్నిసార్లు చెప్పాను? ఎవరికి ఎవరు చెప్పారో ఇప్పుడే తేలాలి!"

దుకాణంవాడు మిశ్రాగారిని చూపించాడు. మిశ్రాగారు అప్పలనర్సమ్మని చూపించాడు. అప్పలనర్సమ్మ మొగుణ్ణి చూపించింది. నూకరాజు ముక్కుగుడ్డ విప్పి, గురునాథరావుని చూపించాడు.

"నేను ఊరికే సెప్పినానేటి? సేఫ్టీ బాబు మేడెక్కీసినారు. టోపీ పెట్టీసుకున్నారు. ముక్కుకి తడిగుడ్డ కట్టీసుకున్నారు. గుండీలిప్పీసుకున్నారు. గాలెటో సూడ్డానికి ఎర్రగుడ్డ ఎగరేసినారు. ఊపిరాడక ఊఁ ఊఁ అని మూలుగుతన్నారు. ఏటయిందని నేనడిగితే లోపలికి పొమ్మని సెయ్యూపినారు. ఇంకేటి కావాల?"

జనం అంతా తలలూపారు. ఇంతకంటే ఏం కావాలి?

"ఎర్రగుడ్డేటి?" అంది కామాక్షమ్మ అనుమానంగా. "దండెం మీద ఉన్నదా? అది నా లంగా!"

"అది... కాకుల కోసం," అన్నాడు గురునాథరావు. హెల్మెట్ కింద మొహం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. "మిరపకాయల ఘాటుకి ముక్కుకి గుడ్డ. పొట్టకి ఎండ. అదంతా మీర్‌కాట్ పద్ధతి."

"మరి మూలుగు, బాబూ?"

"అది మూలుగు కాదు, నూకరాజూ. కింద ఉన్నవాళ్ళకి అంతా క్షేమం, నిశ్చింతగా పని చేసుకోండి అని చెప్పడం."

నూకరాజు లెక్క తేల్చాడు. "అంటే, అంతా క్సేమం అని మీరు సెప్తే మేవందరం పరిగెట్టినామన్నమాట."

బజారు గొల్లుమంది. పరుగు ఆగింది గానీ పరువు పరుగందుకుంది. షట్టర్లు మళ్ళీ పైకి లేచాయి. వీపు మీదున్న చిన్నమ్మలు మాత్రం దిగలేదు. "ఎలాగూ అటే ఎల్తన్నావు గదా నాయనా," అంది.

తిరుగు ప్రయాణంలో కామాక్షమ్మ ముందు నడిచింది. ఆవిడ నడకలోనే కత్తిపీట వినిపిస్తోంది. వెనక గురునాథరావు, ఆయన వెనక సందు మొత్తం. ఎవరి పొయ్యి సంగతి వాళ్ళు మరిచిపోయారు. కేబుల్ తీగ ఉరిశిక్ష చూడకుండా ఎవరూ ఇళ్ళకి వెళ్ళేట్టు లేరు. ఇంకా మలుపు తిరగకుండానే మేడ మీంచి కాకుల గోల వినిపించింది. సందులో కాకులన్నీ అక్కడే ఉన్నట్టుంది.

"విందు జోరుగా ఉంది," అంది కామాక్షమ్మ. వంటింట్లోకి వెళ్ళి కత్తిపీటతో బయటికి వచ్చింది. మెట్లెక్కింది. గురునాథరావు కళ్ళు సగం మూసుకుని వెనకే ఎక్కాడు. పై మెట్టు మీద ఆవిడ ఠక్కున ఆగిపోయింది.

నీళ్ళ తొట్టె గట్టు మీద, ఇందాక గురునాథరావు నిలబడిన చోటే, ఒక ముంగిస నిలబడి ఉంది. రెండు కాళ్ళ మీద, నిటారుగా, చేతులు ఛాతీ ముందు ముడుచుకుని, తోక వెనక ఆనించి. ముంగిట తిరిగే ముంగిస మేడెక్కింది! కాకులు తీగ మీదా గోడ మీదా బారులు తీరి, రెక్కలు కొట్టుకుంటూ దాన్ని తిట్టడంలో పూర్తిగా మునిగిపోయి ఉన్నాయి. ధైర్యం చేసి ఒకటి కిందికి వాలబోతే ముంగిస తోక బ్రష్షులా పొంగించి ఒక్క గెంతు గెంతింది. కాకి ఎటు నుంచి వచ్చిందో అటే పోయింది. మనుషుల్ని చూసి ముంగిస ఒకసారి తల వంచి, తీరిగ్గా జామకొమ్మ మీదుగా దిగి వెళ్ళిపోయింది. దాని డ్యూటీ అయిపోయినట్టుంది.

కామాక్షమ్మ వంగి గుడ్డ మొత్తం చూసింది. ఒక మూల చిన్న చిన్న అడుగుల గుర్తులు. వడియాలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"ఒక్కటీ పోలేదు," అంది, కత్తిపీట కింద పెడుతూ. "మీరు కాదు గానీ, మీ చుట్టం మంచిది."

గురునాథరావుకి పోయిన ప్రాణం కేబుల్ తీగలో కరెంటులా తిరిగొచ్చింది. "చెప్పాను గదా, ఒకే వంశం!" అన్నాడు. పెట్టిన షరతు షరతే కాబట్టి తీగ బతికిపోయింది.

ఇంత దూరం పరిగెత్తించిన జంతువుని చూడందే కదలమని సందువాళ్ళు పట్టుబట్టారు. పొద్దుటి కార్యక్రమమే మళ్ళీ వేస్తున్నారు. ముందు గది నిండిపోయింది. కామాక్షమ్మ మొట్టమొదటిసారి టీవీ ముందు, గురునాథరావు కుర్చీలో కూర్చుంది. తెర మీద ఒక పెద్ద మీర్‌కాట్ వచ్చి, దారికడ్డొచ్చిన వాటిని ఒక చరుపు చరిచింది. అన్నీ తలలు వంచుకున్నాయి.

"ఎవరండీ ఆవిడ?"

"గుంపుకి రాణి," అన్నాడు గురునాథరావు గర్వంగా. "పెత్తనమంతా ఆవిడదే. పిల్లల్ని పెంచడం దగ్గర్నుంచి కాపలా దాకా మిగతావాళ్ళు చెయ్యాల్సిందే."

కామాక్షమ్మ కుర్చీలో ఇంకాస్త వెనక్కి వాలింది. అప్పలనర్సమ్మ మొగుడి వైపు అదోలా చూసింది. నూకరాజు కిటికీలోంచి బయటికి చూడసాగాడు.

"ఇన్నాళ్ళూ చెప్పరేటండీ? ఇది మంచి ఛానెలే," అంది కామాక్షమ్మ తెర మీంచి చూపు తిప్పకుండా. "అన్నట్టు, మీరందరూ ఇక్కడే ఉన్నారు. పైన ఎవరున్నారు?"

గురునాథరావు హెల్మెట్ అందుకున్నాడు. అది మొదలు క్యాంప్ వన్‌లో ఎండాకాలం ప్రతి పొద్దునా ఒక ఖాకీ మనిషి మేడ మీద పొట్ట ఎండకి పెట్టి నిలబడుతున్నాడు. కిందినుంచి టీవీ మోత వినిపిస్తుంది గానీ బొమ్మ కనిపించదు. ఆయన మూలిగితే సందులో ఎవరూ తల ఎత్తి చూడరు. మీర్‌కాట్లలో కాపలా మగదాని పనో ఆడదాని పనో ఆ ఛానెల్‌వాళ్ళు ఇప్పటికీ తేల్చి చెప్పలేదు గానీ, కామాక్షమ్మగారింట్లో ఆ విషయంలో ఎవరికీ సందేహం లేదు.